పది మైళ్ళ తర్వాత ఆగమన్న మనిషి

శేషగిరిరావు గారు కీర్తిశేషులయ్యారన్న దుర్వార్తను మన న్యూజెర్సీ తెలుగువారికి ఫోన్ చేసి చెప్పే భారం నామీద పడింది. పదిమందికి చెప్పాను. నాకు మాత్రం ఇంకా నమ్మకం కుదరలేదు. కొన్నేళ్ళుగా ప్రతి శనివారం ఆయన గరాజ్‌లో శిష్యరికం చేసినవాణ్ణి. ఈ శనివారం ఎక్కడికి వెళ్ళాలో తెలియడం లేదు.

మాస్టారు వారమంతా ఫ్యాక్టరీలో ఇంజనీరు, సెలవునాడు తొలినాటి మోటారు కార్లకు ప్రాణదాత. ఇంజను చెడితే కారు ఆగుతుంది, చక్రం ఊడితే మనిషి పోతాడు అనేవారు. ఆ కార్లలో వెనక ఇరుసు కొస సన్నబడుతూ ఉంటుంది. దానిమీదికి చక్రాన్ని ఎక్కించి, నట్టు బిగించి, అది తిరగకుండా అడ్డంగా పిన్ను దూరుస్తారు. ఎంత బిగించినా కాస్త నడిచాక చక్రం ఇంకొంచెం లోపలికి జరిగి నట్టు వదులవుతుంది. అందుకే పది మైళ్ళకు ఆగి మళ్ళీ బిగించడం ఆయన నియమం. ఆ పని మరొకరికి వదిలేవారు కారు. రెంచి పట్టుకుని తన స్టేషన్ వ్యాగన్‌లో వెనకాలే వెళ్ళేవారు.

ఒకసారి పిన్ను రంధ్రం కలవలేదని నేను నట్టును రవ్వంత వెనక్కి తిప్పాను. ఆయన చూడనే చూశారు.

"దూరకపోతే ఇంకా ముందుకు బిగించాలయ్యా. వెనక్కి తిప్పావంటే నీ సుఖం చూసుకున్నావు, కూర్చునేవాడి సంగతి చూడలేదు."

చక్రం ఊడదీయించి మొదటినుంచి చేయించారు. భోజనం నాలుగింటికి. లోపల తిట్టుకున్నాను, అబద్ధమెందుకు!

క్రితం శుక్రవారం పళ్ళ డాక్టరు ప్రభాకర్ గారి పాత కారుకు చక్రం బిగించారు. మర్నాడు వాళ్ళ దంపతులు పెన్సిల్వేనియాలో ప్రదర్శనకు బయలుదేరాలి, మాస్టారు వెనక వెళ్ళాలి. ఆ ఉదయమే మాస్టారికి గుండెపోటు వచ్చింది. సంగతి తెలియని ప్రభాకర్ గారు వెళ్ళిపోయారు.

ఆస్పత్రిలో మాస్టారు నా చెయ్యి పట్టుకున్నారు. "ప్రభాకర్‌కి కాల్ చెయ్యి. కారు ఆపమను."

చేశాను. ఆన్సరింగ్ మెషీన్ పలికింది. హైవే పోలీసులు ఏ రోడ్డని అడిగారు. నాకు తెలియదు.

"దొరికాడా?" అన్నారు మళ్ళీ.

దొరికారని ఒక్క అబద్ధం చెప్పి ఉండవలసింది. నోరు రాలేదు. సాయంత్రానికి ఆ ఆందోళనతోనే కన్నుమూశారు.

అంత్యక్రియలకు ప్రభాకర్ గారు క్షేమంగా వచ్చారు. "ఆయన రాలేదు కదాని పది మైళ్ళకి నేనే ఆపి టైట్ చేశానండీ. అన్నిసార్లు చెప్పారు, మర్చిపోతానా?" అని భోరుమన్నారు.

అటువంటి గురువు మళ్ళీ దొరకడు. ఆయన ఆత్మకు శాంతి కలగాలని అందరూ ప్రార్థించారు. నాకు ఆ ప్రార్థన చాలలేదు. ఆయనకు కావలసిన జవాబు నా దగ్గరుంది, చెప్పడానికి ఆయన లేరు.