రాణమ్మ దిగిన మెట్లు

మా తరిగొప్పుల జమాలన్నకు హైదరాబాదులో చార్మినార్ కనబడదు, అసెంబ్లీ కనబడదు. ఆ పట్నమంతా ఆయనకు, మేం చిన్నప్పుడు దూరదర్శన్‌లో చూసిన 'చుక్కల్లో ఊరు' సీరియల్ తీసిన జాగాలుగానే కనబడుతుంది. ఎవరైనా "పట్నం పోతున్న అన్నా" అంటే చాలు, పరుపులో దూది కూరడం ఆపేస్తాడు. మీసాలకంటిన దూది దులుపుకొని, "ఏ దిక్కు? సికింద్రాబాద్ దిక్కా? అయితే నౌక కూలిన జాగ చూసి రావాలె" అంటాడు. నౌక ఎందుకు కూలిందో ఆయన చెప్పి ముగించేలోపు జనగామ బస్సు వెళ్లిపోతుంది.

ఆ సీరియల్ చూడనివాళ్లకు రెండు ముక్కలు చెప్పాలి. భూమి నుంచి బయల్దేరిన నౌక ఒకటి దారి తప్పి వేరే లోకంలో పడుతుంది. ఆ లోకంలో సూర్యుడు లేడు. అక్కడి రాణి మెట్లు దిగి వస్తేనే వెలుగు. తీసినవాళ్లు ఆ లోకాన్నంతా హైదరాబాదులోనే చూపించేశారు. నౌకేమో రెండు గంగాళాలు మూతికి మూతి అతికించినట్టుండేది. రాణి కిరీటం ఇడ్లీ రేకు అని మా అమ్మ భాగ్యమ్మ మొదటి వారమే కనిపెట్టింది. అయినా పంచాయతీ ఆఫీసు నలుపు తెలుపు టీవీ ముందు ఊరంతా కూర్చునేది. రాణి మెట్లు దిగుతుంటే ఆడవాళ్లు కొంగు తల మీదికి లాక్కొని దండం పెట్టేవాళ్లు, ఇడ్లీ రేకు కనిపెట్టిన మా అమ్మతో సహా. ఒకసారి రాణి వెనకాల డబుల్ డెక్కర్ బస్సు పోయింది. "చూసిండ్రా, ఆ లోకానికి గూడ మన బస్సే పోతున్నది" అని దుర్గయ్య మామ పొంగిపోయాడు.

ఊరు ఆ సీరియల్‌ను మరిచిపోయింది. జమాలన్న మాత్రం పట్నమెళ్లి ఒక్కో జాగ వెతికి పట్టుకున్నాడు. పట్టుకున్నాక ఊరుకున్నాడా, దాన్ని యాత్ర చేశాడు. ఊళ్లో ఎవరికి పట్నంలో పనిబడినా తోడు ఆయనే. పని అయ్యాక తిప్పే బాధ్యతా ఆయనదే. నౌక కూలిన టాంక్‌బండ్ గోడ దగ్గరికి పోగానే, "చెప్పులు ఇడువుండ్రి" అంటాడు.

"ఎందుకే అన్నా, గిది రోడ్డు గదా" అని ఒకసారి అడిగాను.

"నువ్వు కొమురెల్లి మల్లన్న గుట్టెక్కుతే ఇడుస్తవా లేదా?"

"అక్కడ దేవుడున్నడు."

"ఇక్కడ రాణమ్మ నడిచింది. జర మర్యాద ఉండాలె చెల్లె."

మే నెల ఎండలో ఆ రోడ్డు మీద వట్టికాళ్లతో నిలబడ్డ తరిగొప్పులవాళ్లు చాలామంది ఉన్నారు. ఆయన భార్య అజ్మత్ బీ మాత్రం ఒక్కసారి కూడా రాలేదు. "సవతి ఇంటికి నేనెందుకు పోతనమ్మా" అంటుంది, సూదిలో దారం ఎక్కిస్తూ. "నికా నాతోనైంది గని, మనసంతా ఆ ఇడ్లీ రేకు మీదనే."

జాగ విషయంలో ఆయన దగ్గర రాజీ లేదు. రాణి దిగిన మెట్లు గోల్కొండలో ఉన్నాయని ఎరువుల దుకాణం బిక్షపతి నోరు జారాడు. కాదు, పబ్లిక్ గార్డెన్‌లో పాత బంగళా మెట్లు అన్నాడు జమాలన్న. మాటా మాటా పెరిగింది. బిక్షపతి బిడ్డ పెళ్లికి పరుపులు కుట్టి ఇచ్చాడుగానీ, వాటిని అజ్మత్ బీతో పంపాడు, తాను గడప తొక్కలేదు. "మనిషి ఏమన్న తప్పు చేయొచ్చు, అల్లా మాఫ్ చేస్తడు. జాగ తప్పు చెప్తే ఎవరు మాఫ్ చేయాలె?" అనేవాడు. చివరికి బిక్షపతే వచ్చి, "మెట్లు నువ్వన్నకాడనే ఉన్నయ్ రా నాయినా, నా ఇంటికి రా" అన్నాకే పెళ్లి బూంది నోట్లో వేసుకున్నాడు.

ఇలాంటి మనిషిని మా అమ్మకు తోడు తీసుకుపోవాల్సి వచ్చింది. అమ్మ రెండు కళ్లకూ పొర కమ్మింది. పట్నంలో కంటి దవాఖాన డాక్టర్ "ఇంకా ఆలస్యం చేస్తే చూపు రాదమ్మా" అని నాతో గట్టిగానే చెప్పాడు. కానీ కన్ను కోస్తారన్న మాట వింటే చాలు, అమ్మ నిలవదు. ఒకసారి గేటు దగ్గరి నుంచే వెనక్కి తిరిగింది. ఇంకోసారి ఆకుపచ్చ గౌను తొడిగించాక, ఆ గౌనుతోనే వచ్చి ఉప్పల్ బస్సెక్కింది. పాపం, ఎవరో కాలేజీ పిల్ల లేచి సీటిచ్చి, టికెట్టు కూడా తీసిందట. మంచిదే చేసింది, కానీ మా అమ్మను ఇంటికి చేర్చేసింది.

"ఎంత కనబడితే అంత కనబడనియ్యి బిడ్డా. దేవుడిచ్చిన కన్ను, దేవుడే మూస్తడు" అని మొండికేసింది. అప్పటికే చాయ్ గ్లాసు అనుకొని దీపం కుంది పట్టుకుంటోంది. నేను మొక్కని దేవుడు లేడు.

జమాలన్న వచ్చి గడపలో కూర్చున్నాడు. "అవ్వా, దవాఖానకు వద్దులే. రాణమ్మ జాగలు చూసొద్దాం. కండ్లు పూరాగ పోకముందే చూడాలె గదా."

అమ్మ గడప దిక్కు తిరిగింది. "మెట్లు గూడ చూపెడ్తవా?"

"మెట్లకే పోతున్నం."

అమ్మ సంచిలో కొబ్బరికాయ, పసుపు, కుంకుమ, ఊదుబత్తులు పెట్టుకుంది. యాత్ర అంటే యాత్రే.

జనగామలో రైలెక్కాం. సికింద్రాబాద్ నుంచి ఆటో. టాంక్‌బండ్ వచ్చింది. జమాలన్న ఆటో ఆపమనలేదు, చెప్పులు విప్పమనలేదు. నౌక కూలిన గోడ పక్కనుంచి పోతుంటే తల తిప్పి ఒకసారి చూసి, ఊరుకున్నాడు. ఆయన ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను.

ఆటో తిన్నగా కంటి దవాఖాన వెనక గేటు ముందు ఆగింది. జమాలన్న అమ్మను హాల్లోకి నడిపించుకుపోయి, పై అంతస్తుకు ఎక్కే మెట్ల ముందు నిలబెట్టి, "చెప్పులు ఇడువు అవ్వా. వచ్చినం" అన్నాడు.

"గివేనా?"

"గివే. రాణమ్మ పై నుంచి ఇట్ల దిగింది. లోకమంత తెల్లగ వెలుగొచ్చింది."

అమ్మ వంగి మొదటి మెట్టు తడిమి, చెయ్యి కళ్లకద్దుకుంది. మెట్టుకు పసుపు రాసింది, బొట్టు పెట్టింది. ఊదుబత్తి వెలిగించబోతుంటే కాపలా అతను పరుగెత్తుకొచ్చాడు.

"ఏయ్ అమ్మా, గిది దవాఖాన."

"దవాఖాన?" అమ్మ చెయ్యి ఆగిపోయింది.

"ఇప్పుడు దవాఖానే" అన్నాడు జమాలన్న, రెప్ప వేయకుండా. "అప్పుడు రాణమ్మ మేడ. మేడను గిట్ల దవాఖాన చేసిండ్రు. ఏమంటవ్ భయ్యా?"

కాపలా అతను అమ్మ ముఖం చూశాడు, నా ముఖం చూశాడు. "ఔ, మేడనే ఉండె అంటరు" అని, ఊదుబత్తులు మాత్రం తన జేబులో పెట్టుకున్నాడు. ఆ మనిషి పిల్లలు చల్లగా ఉండాలి.

ఈలోపు వరసలో ఉన్నవాళ్లు వచ్చి, "ఏం దేవుడమ్మా?" అని అడగకుండానే బొట్టు పెట్టిన మెట్టుకు మొక్కడం మొదలుపెట్టారు. ఒకామె తలలోంచి మల్లెపూలు తీసి పెట్టింది. అది చూసి అమ్మకు నమ్మకం కుదిరింది. జమాలన్న చెయ్యి పట్టుకొని మెట్లెక్కింది. జమాలన్న ముందే చెప్పి పెట్టినట్టున్నాడు, పైన నర్సు ఆకుపచ్చ గౌను పట్టుకొని నిలబడి ఉంది.

"గిదేందిరా?" అంది అమ్మ, వెనకడుగు వేస్తూ.

"రాణమ్మ వేసుకున్న అంగి."

"ఆకుపచ్చదా? తెల్లగుండె గదరా."

"మన టీవీల రంగులున్నయా అవ్వా నీకు తెలువనీకె?"

మా అమ్మ చేతులు చాచి గౌను తొడిగించుకుంది. నర్సు నవ్వాపుకుంటూ లోపలికి తీసుకుపోయింది. తలుపు మూసుకుంది.

జమాలన్న బెంచీ మీద కూలబడి, రుమాలుతో ముఖం తుడుచుకున్నాడు.

"అన్నా, రాణి మెట్లు పబ్లిక్ గార్డెన్‌ల గదా ఉన్నయ్?" అన్నాను.

"మెల్లగ మాట్లాడు చెల్లె. బిక్షపతి చెవిల పడుతది." బిక్షపతి తరిగొప్పులలో ఉన్నాడు. అయినా జమాలన్న అటూ ఇటూ చూశాడు. "ఆడనే ఉన్నయ్. మరి అవ్వను ఆడికి తీస్కపోతే డాక్టరు ఆడికొస్తడా?"

"అయితే ఇంతకుముందు తోల్కొచ్చినోళ్లకు గూడ గిట్లనే..."

"దుర్గయ్య మామ స్కానింగు మిషన్ల పండుకోనన్నడు. గదే నౌక అని చెప్పిన. లోపల పండుకొని బస్సు కనబడుతదా అని అడిగిండట. కొత్తగూడ భీమ్లా బిడ్డకు సూది అంటే భయం, చుక్కల లోకం మనుషులకు గట్లనే ముద్ర ఏస్తరు అన్న. ఏం చేయాలె? భయపడేటోళ్లకు పక్కన ఏదో ఒకటి ఉండాలె గదా. నా దగ్గర గీ సీరియల్ ఒక్కటే ఉన్నది."

అలా అన్నాక తల వంచుకున్నాడు. "జాగ తప్పు చెప్పిన దినం మాత్రం, పబ్లిక్ గార్డెన్ పోయి, ఆ మెట్లు కొంచెం ఊడ్చొస్త. దిల్ జర సాఫ్ అయితది."

అమ్మకు ముందు ఒక కంటికే చేశారు. మర్నాడు పొద్దున డాక్టర్ కట్టు విప్పాడు. అమ్మ ముందు నా చెవికమ్మలు చూసింది, తర్వాత నా తలలో తెల్లవెంట్రుకలు చూసి, "ఎప్పుడొచ్చినయే?" అంది. నాకు నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో తెలియలేదు. డాక్టర్‌కూ, నర్సుకూ, గోడ మీది గడియారానికీ దండం పెట్టి, "రాణమ్మ మెట్లకు మొక్కి పోదాం" అంది.

మెట్ల పైన నిలబడి కిందికి చూసింది. ఎడమ వైపు చూసింది, కుడి వైపు చూసింది. జమాలన్న ముఖం దూదిలా తెల్లబడింది.

"జమాలూ, రాణమ్మ మెట్లకు అటొక సింహం, ఇటొక సింహం ఉండె గదరా."

"అవ్వా... అవి..."

"గిటు చూస్తే లిఫ్టున్నది. గటు చూస్తే చెత్తడబ్బ ఉన్నది."

జాగ తప్పు చెప్పి పట్టుబడటం ఆయన జన్మలో ఇదే మొదలు. అమ్మ ఒక్కో మెట్టూ దిగింది. చివరి మెట్టు దగ్గర మరిపెడ నుంచి వచ్చిన ఒక ముసలమ్మ కొడుకు చొక్కా గట్టిగా పట్టుకొని, "నేను ఎక్క బిడ్డా, నన్ను ఊరికి తోల్కపో" అని ఏడుస్తోంది.

అమ్మ ఆమె ముందు ఆగింది. పసుపు రాసిన మెట్టును కొంగుతో తుడిచి, ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఏడ్వకు వదినా. ఇవి ఎవరు దిగిన మెట్లో ఎరుకేనా నీకు?"

కట్టు విప్పిన కంటితో ఒకసారి జమాలన్న వైపు చూసి, "నువ్వు చెప్పవేందిరా, నాకంటే నీకు మంచిగ తెలుసు గదా" అంది.