పాడులో కామాక్షయ్య పేరు

కామాక్షయ్య పస్తులకు సగం కారణం సర్కారు. మిగతా సగం నేను.

1961లో, దిక్కులేని ముసలివాళ్లకు పింఛను ఇస్తారని తెలిసినప్పుడు, దొరవారిసత్రం అవతల పులికాట్ ఒడ్డునున్న పల్లెలో నేను బడిపంతులుని. అర్జీ నేనే రాశాను. కామాక్షయ్యకు పెళ్లాం పోయింది, పిల్లలు లేరు, కళ్లకు పొర కమ్మింది. ఇంతకన్నా దిక్కులేనివాడు ఎవడుంటాడు?

విచారణకు వచ్చిన ఇన్‌స్పెక్టరు, "నీకు ఆధారం ఏమైనా ఉందా?" అని అడిగాడు.

ముసలాయన నిటారుగా కూర్చున్నాడు. "పాడులో నాకు వాటా ఉండాది సామీ. మా తాత కాలం నుంచీ ఉండాది."

పాడంటే సరస్సులో వల వేసే వంతు. ఏటా ఊరి మగవాళ్లు చీట్లు వేసి పంచుకుంటారు. కామాక్షయ్య నీళ్లలో దిగి ఏళ్లయింది. అతని వంతు రోజున పక్కింటి మునెయ్య వల వేసి, కాసిని రొయ్యలు అతని తట్టలో పోసేవాడు. ఇన్‌స్పెక్టరు 'ఆధారం కలదు' అని రాసుకుని వెళ్లిపోయాడు.

నాకు ఒళ్లు మండింది. "ఆ ముక్క ఎందుకు చెప్పావు?"

"లేదంటే నేను ఈ ఊరోడిని కాదన్నట్టే గదా అయివారూ."

పాడులోంచి పేరు తీయించుకుంటే మళ్లీ అర్జీ పెడదామని నెలరోజులు అతని ప్రాణం తోడేశాను. ఊరిపెద్ద పోలేరయ్య వద్దన్నాడు. నేనే పట్టుబట్టాను. కామాక్షయ్య తలవంచుకుని, పేరు కొట్టేయమన్నాడు.

రెండో అర్జీకి జవాబు వచ్చింది. ఉన్న ఆధారాన్ని తానే వదులుకున్నందున అర్జీదారు అనర్హుడు. కామాక్షయ్యకు చదివి వినిపించాను.

"అయితే మళ్లా నా పేరు రాయించు అయివారూ" అన్నాడు.

పోలేరయ్య దగ్గరికి పరుగెత్తాను. "ఆయన వాటా మునెయ్య తమ్ముడికి ఇచ్చేసినాం. వాడికి ముగ్గురు బిడ్డలు. వాడి నోటికాడిది ఎట్లా లాగేది?" అన్నాడు.

చీట్ల రోజున కామాక్షయ్య కర్ర పట్టుకుని వచ్చి, ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చున్నాడు. చీట్లకు ముందు వరసగా పేర్లు పిలుస్తారు. పిలిచినవాడు 'ఉండా' అనాలి. మునెయ్య పేరు తర్వాత ఇన్నేళ్లూ వచ్చింది ఇతని పేరే.

మునెయ్య "ఉండా" అన్నాడు.

ఆ వెంటనే, ఎవరూ పిలవకుండానే, కామాక్షయ్య కూడా "ఉండా" అన్నాడు.

పోలేరయ్య అతని వైపు ఒకసారి చూసి, తర్వాతి పేరు పిలిచాడు.