వింకా చుట్టపు చూపు

మా దీవిలో వేసవి వచ్చిందంటే ఇల్లు ఇంటివాళ్ళది కాదు. మొదటి ఓడ అతిథుల్ని రేవులో దింపిన రోజు నుంచి మంచి గదులన్నీ వాళ్ళకి వదిలేసి, మేం కింద కొట్లోకి దిగిపోతాం. సారా పీపాలకీ చేపల వలలకీ మధ్య మంచాలు వేసుకుని దోమల్ని తిట్టుకుంటూ పడుకుంటాం. సెప్టెంబరు వెళ్ళాక మళ్ళీ మేడ ఎక్కుతాం. అందరం ఎక్కుతాం, ఒక్క వింకా తప్ప. మొగుడు యెర్కో చనిపోయినప్పటి నుంచి ఆవిడ చలికాలంలో కూడా కిందే ఉండిపోయింది. అదేమిటంటే, "పైన పక్కలు ఉతికి వేసి ఉన్నాయి, మళ్ళీ నలపడం ఎందుకు?" అంటుంది. పిల్లల్లేరు. మేడ మీద గదులు ఎవరికోసమో ముస్తాబై ఉంటాయి, ఇంటిమనిషి కింద చెమ్మలో దగ్గుతూ ఉంటుంది. పక్కింటివాణ్ణి, చెప్పి చెప్పి నా నోరు నొప్పెట్టింది. మహా మొండి ఘటం.

నేను ఓడ మీద తాళ్ళు కట్టే పని చేసి రిటైరయ్యాను. ఓడ రేవు చేరుతుంటే గట్టు మీద మా ఊరి ఆడవాళ్ళు 'గదులున్నాయి' అని రాసిన అట్టలు పట్టుకుని నిలబడేవారు. దిగినవాళ్ళ మీద కాకుల్లా వాలిపోయేవారు. వింకా మాత్రం నోరెత్తేది కాదు. బాగా అలిసిపోయిన మొహం ఎవరిదో చూసుకుని, నేరుగా వెళ్ళి వాళ్ళ సంచీ అందుకునేది. వాళ్ళు తేరుకునేసరికి సగం మెట్లు ఎక్కేసి ఉండేది.

"మాటా మంతీ లేకుండా సంచీ లాక్కుంటే దొంగతనం అంటారు వింకా" అని ఓడ మీంచి అరిచేవాణ్ణి.

"దొంగయితే సంచీతో పోతుంది నిక్షా. నేను మనిషిని కూడా పట్టుకుపోతున్నా" అనేది.

ఇంటికి తీసుకెళ్ళాక తాళంచెవి వెంటనే ఇవ్వదు. ఇక్కడ ఎవరూ ఇవ్వరనుకోండి. ముందు ద్రాక్ష పందిరి కింద కూర్చోబెట్టాలి, ఇంట్లో కాచిన సారా చిన్న గ్లాసుల్లో పొయ్యాలి, ఎండు అంజూరాలు పెట్టాలి, దారి ఎలా ఉందని అడగాలి. అది అయ్యేదాకా అతిథి గడప తొక్కకూడదు, ఇంటావిడ తొక్కనివ్వకూడదు. వింకా ఇంకో అడుగు ముందుకేసి, ఊళ్ళో ఏం చూడాలో, ఏం చెయ్యాలో అప్పుడే మొదలెట్టేది. "పొద్దున్నే లైట్‌హౌసుకి పొండి, ఎండెక్కితే రాళ్ళు కాలతాయి. పిల్లలుంటే ఇసక రేవుకే పొండి, అవతలి రేవులో రాళ్ళ మీద నల్ల ముళ్ళకాయల్లాంటి సముద్రపు పురుగులుంటాయి, ముల్లు కాల్లో దిగితే నా ప్రాణం తీస్తారు. శుక్రవారం పడవవాడు చేపలు కాలుస్తాడు, వాడి సారా మాత్రం తాగకండి. పొద్దు గుంకేది చూడాలంటే సమాధుల తోట గోడ మీద కూర్చోండి. మా ఆయనా అక్కడే ఉన్నాడు, పలకరించి రండి." పిల్లలు బిక్కమొహం వేసుకుని చూసేవారు. కానీ నిజంగానే వెళ్ళి పలకరించి వచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు. సాయంత్రం తిరిగొచ్చి ఎక్కడెక్కడ తిరిగారో పూసగుచ్చినట్టు చెప్పేవారు, ఆవిడ సార్డీన్ చేపలు కాలుస్తూ వినేది. ఆవిడ బతుక్కి అదే కబురు, అదే కాలక్షేపం.

తరవాత ఫోన్లొచ్చాయి. రేవులో అట్టలు పోయాయి. వచ్చేవాళ్ళు ముందే అన్నీ చూసుకుని వస్తున్నారు. అంజూరం నోట్లో వేసుకుంటూనే వైఫై అడుగుతారు. లైట్‌హౌసు సంగతి ఆవిడ మొదలెట్టేలోపు, "చూశామండీ, ఇందులో ఉంది" అని ఫోను చూపిస్తారు. మొన్న వేసవిలో ఆఖరి అతిథులు తెల్లారుజామునే తలుపుకి తాళంచెవి వదిలేసి, చెప్పకుండా వెళ్ళిపోయారు. వాళ్ళకోసం వింకా రొట్టె కాల్చి పెట్టింది. అది పట్టుకుని మా గోడ దగ్గరికొచ్చింది.

"నువ్వు తిను. నాకు సయించడం లేదు" అంది.

"వాళ్ళకి ఓడ టైమయిందేమోలే."

"ఓడకి టైముంది. నాకు చెప్పడానికే లేదు." రొట్టె గోడ మీద పెట్టింది. "నిక్షా, నేనూ ఒకసారి అతిథిగా వెళ్తా. ఎక్కడికైనా సరే. ఒకావిడ గుమ్మంలో నిలబడి నా సంచీ అందుకోవాలి. కూర్చోబెట్టి, దారి ఎలా ఉందమ్మా అని అడగాలి. అంతే. ఇంకేం అక్కర్లేదు."

నవ్వాననుకోండి, ఆవిడ నవ్వలేదు.

ఊళ్ళో సరుకుల కొట్టు నడిపే పెరీనాకి చెప్పింది. పెరీనా నోట్లో నువ్వుగింజ నానదు, సాయంత్రానికి ఊరంతటికీ తెలిసిపోయింది. "వింకక్క షికారు పోతోందట, లైట్‌హౌసుకి ఎలా పోవాలో ఎవరిని అడగాలిక?" అని వేళాకోళాలు. కానీ పెరీనాయే కంప్యూటర్లో వెతికి పెట్టింది. ఎక్కడో ఉత్తరాన ఇస్త్రియా వైపు ఒక రేవు ఊళ్ళో చిన్న అతిథి గృహం. బొమ్మలో తెల్ల ఏప్రన్ కట్టుకున్న ఒకావిడ పళ్ళెం పట్టుకుని నవ్వుతోంది. కింద రాసి ఉంది: 'ఇంటి యజమానురాలు మిరెల్లా మీకోసం ఎదురుచూస్తోంది.'

"ఇదే" అంది వింకా. రెండోది చూడనివ్వలేదు.

అక్టోబరులో బయల్దేరింది. ఉత్త చేతులతో పోతామా అని మిరెల్లాకి ఒక సీసా ఆలివ్ నూనె, సంచీడు అంజూరాలు, సారా సీసా సర్దుకుంది. యెర్కో అంత్యక్రియలకి తొడిగిన నల్ల కోటు కాదని, నీలం కోటు వేసుకుంది. ఓడ మెట్ల దాకా నేనే సంచీ మోశాను. "నువ్వు మోస్తే లెక్కలోకి రాదు" అంది.

తరవాత జరిగిందంతా ఆవిడ నాకు చెప్పిందే.

స్ప్లిట్ పట్నం దాకా ఓడ, అక్కణ్ణించి రాత్రంతా రెండు బస్సులు. మర్నాడు మధ్యాహ్నం ఆ ఇల్లు దొరికింది. సన్నటి వీధి, కొండలా నిటారుగా ఉంది. గుమ్మంలో ఎవరూ లేరు. తలుపు పక్కన గోడకి అంకెల మీటలున్న ఒక చిన్న డబ్బా ఉంది. కరెంటు మీటరేమో అనుకుంది. ఇంటావిడ చేపలకి వెళ్ళి ఉంటుందనుకుని మెట్టు మీద కూర్చుంది. ఇంటావిడ రాకుండా గడప తాకడం మా వాళ్ళలో ఎవరూ చెయ్యరు, తలుపు తీసి ఉన్నా సరే. ఫోను అప్పుడప్పుడు టింగుమంటోంది. వింకా ఫోను మాట్లాడటానికే వాడుతుంది, టింగులతో ఆవిడకి పనిలేదు.

ఎండ అవతలి గోడ మీంచి దిగిపోయింది. పైకెళ్ళేవాళ్ళు దిగివచ్చేవాళ్ళు ఆవిడ కాళ్ళు దాటుకుంటూ పోయారు. ఒక్కరూ అడగలేదు. ఎవరింటి ముందో కూర్చున్నవాళ్ళని ఆ ఇంటివాళ్ళే అనుకుంటారు కదా. ఆకలేసింది. అంజూరాలు మిరెల్లావి, ముట్టుకోబుద్ధి కాలేదు. పిలవని పేరంటానికి వచ్చినట్టు సిగ్గేసింది.

చీకటి పడే వేళకి ఒక పడుచు జంట సంచులు ఈడ్చుకుంటూ వచ్చింది. స్లొవాక్ దేశంవాళ్ళు. వాళ్ళ మాట మా మాటకి దాయాదే, కొంచెం సాగదీసి మాట్లాడితే తెలుస్తుంది. అమ్మాయి పేరు రాద్కా.

"మిరెల్లాగారా? అయ్యో, మాకోసం బయట కూర్చున్నారా?" అందా అమ్మాయి, మొహం వెలిగిపోతూ.

వింకా కాదనలేదు. ఎందుకు అనలేదని నేనడిగాను. "పొద్దుట్నుంచి నన్ను ఎవరైనా పేరు పెట్టి పిలవడం అదే మొదలు. ఎవరి పేరైతేనేం" అంది.

అలవాటుపడ్డ చేతులు ఊరుకుంటాయా? అమ్మాయి చేతిలోంచి సంచీ అందుకుంది. ఇంటి పక్క సందులోంచి పెరట్లోకి తీసుకెళ్ళి, అక్కడున్న బల్ల దగ్గర కూర్చోబెట్టింది. బల్ల మీద గ్లాసులుంటే సారా పోసింది, అంజూరాలు పెట్టింది, దారి ఎలా ఉందని అడిగింది. వాళ్ళు బస్సుల గురించీ, అద్దెకారు మోసం గురించీ, కిందటేడు పెళ్ళి గురించీ అన్నీ చెప్పారు. రేపు ఏం చూడమంటారు అని అడిగారు. ఆ ఊరు వింకాకి ఏం తెలుసు? అయినా తడుముకోలేదు. "పొద్దు గుంకేటప్పుడు సమాధుల తోటకి పొండి. ఏ రేవు ఊళ్ళోనైనా అదే అన్నిటికంటే ఎత్తు మీద ఉంటుంది. చేపలు పడవ దగ్గరే కొనుక్కోండి. రాళ్ళ మీద చెప్పుల్లేకుండా నడవకండి." మర్నాడు వెళ్ళి చూస్తే తోట ఎత్తు మీదే ఉందట.

ఆ రాత్రి అంతే బాగా గడిచిపోయేదేమో. కానీ కుర్రాడు లేచి గుమ్మం దగ్గరికెళ్ళి, గోడకున్న డబ్బాలో అంకెలు నొక్కి, తాళంచెవి తీసుకున్నాడు. వింకా వెనకే వెళ్ళి తొంగిచూసింది. డబ్బాలో ఇంకో తాళంచెవి ఉంది. తిరిగొచ్చి తన ఫోను తీసి రాద్కా చేతికిచ్చింది.

"చూడమ్మా, నాకేమైనా అంకె పంపారేమో."

రాద్కా చదివింది. గ్లాసు బల్ల మీద పెట్టేసింది. "పిన్నిగారూ... మీరూ మాలాగే అతిథా?"

"ఊ."

"మరి మిరెల్లా?"

"ఇంకా రాలేదు" అంది వింకా.

మిరెల్లా వచ్చేదేమీ లేదని ఆ పిల్లే నెమ్మదిగా చెప్పింది. ఇలాంటి ఇళ్ళు ఏదో కంపెనీవిట, వారానికోసారి ఎవరో వచ్చి దుప్పట్లు మారుస్తారుట. బొమ్మలో ఆవిడ ఎవరో వాళ్ళకీ తెలీదు. ఆ రాత్రి వాళ్ళిద్దరూ ఆవిణ్ణి చాలా మర్యాదగా చూశారు. కానీ అంతకుముందులా కబుర్లు చెప్పలేదు. ఇంటావిడకైతే ఏమైనా చెప్పొచ్చు, ఒంటరిగా వచ్చిన ముసలావిడతో జాగ్రత్తగా మాట్లాడాలి. "రేపు మాతో రండి" అన్నారు. పొద్దున్న ఆవిడ నీలం కోటు తొడుక్కుని దిగేసరికి ఇద్దరూ వెళ్ళిపోయారు. నిద్ర పాడుచెయ్యకూడదనుకున్నారట.

వింకా ఒక్కర్తీ అన్నీ చూసింది. గంటల గోపురం ఎక్కింది. గాజు అడుగున్న పడవలో కూర్చుని చేపల్ని చూసింది. ఐస్‌క్రీమ్ కొనుక్కుని చెక్క బెంచీ మీద కూర్చుని తింది. అన్నీ బాగానే ఉన్నాయంది.

"మరి నాలుగు రోజుల ముందే వచ్చేశావేం?" అన్నాను.

"సాయంత్రం ఇంటికెళ్ళి ఎవరికి చెప్పను? గోపురం ఎంతెత్తుందో చెబుదామంటే ఆ గోడ డబ్బాకి చెప్పుకోవాలి." తల వంచుకుని కాఫీ కలిపింది. "పెరడు ఊడ్చాను. దుప్పట్లు ఉతికి ఆరేశాను. వారానికోసారి వచ్చేదెవరోగాని, చూసి దడుచుకుని ఉంటుంది."

పెరీనా కొట్లో అందరూ అడిగారు. ఇంటావిడ ఎలా ఉంది, ఏం వండిపెట్టింది అని పెరీనా గుచ్చి గుచ్చి అడిగింది. "మంచిది. నాలుగు మాటలు ఎక్కువే మాట్లాడుతుంది" అంది వింకా. ఆ రాత్రి ఇంటావిడ ఎవరో నాకు తెలుసు కాబట్టి నేను సిగరెట్లు కొనుక్కునే వంకతో అటు తిరిగాను. నాకు ఏడుపొచ్చింది, ఇందులో దాచుకోవడానికేముంది.

తరవాత ఒక సాయంత్రం ఫోను పట్టుకుని మా ఇంటికొచ్చింది. టింగులు విప్పి చదవడం ఆ రాత్రి రాద్కా నేర్పిందట, ఇప్పుడు అన్నీ చదువుతోంది.

"ఇది చూడు. ఉత్తరం వచ్చింది."

చదివాను. 'ప్రియమైన వింకా, మీరు మా ఇంట్లో ఉండటం మాకెంతో సంతోషం. ఇది మీ సొంత ఇల్లే అనుకోండి. తప్పకుండా మళ్ళీ రండి. మీ మిరెల్లా.' వేలితో కిందికి జరిపితే అవే మాటలు జర్మన్‌లో, ఇటాలియన్‌లో, ఇంకా నాకు తెలీని ఏవో అక్షరాల్లో ఉన్నాయి. ఎలా చెప్పాలా అని గొంతు సవరించుకున్నాను.

"మిషను పంపిందని నాకు తెలీదనుకుంటున్నావా?" అంది. "నాకు మతి పోలేదు నిక్షా. కానీ మిషను తనంతట తను ఇలాంటి మాట అనదు కదా. ఎవరో ఒకావిడ మొదట్లో ఒకసారి కూర్చుని రాసే ఉంటుంది. ఆవిడకి జవాబు రాయి. నీ వేళ్ళు సన్నం, నాకు అక్షరాలు రెండేసి పడుతున్నాయి."

"ఏం రాయను?"

నిటారుగా కూర్చుంది. దుకాణంలో సరుకులు చెప్పినంత స్పష్టంగా చెప్పింది. "ఇల్లు బాగుంది అని రాయి. మీరు కనపడలేదు, పనుల్లో ఉండుంటారు అని రాయి. మీరు ఎప్పుడూ ఒకరిని పంపిస్తూ ఇంకొకరికి పక్కలు వేస్తూ ఉంటారు, మిమ్మల్ని కూర్చోబెట్టి అడిగేవాళ్ళు ఉండరు, నాకు తెలుసు. మా మేడ గది చలికాలమంతా ఖాళీ. ఏ ఓడకి వస్తారో ముందు చెప్పక్కర్లేదు, నేను రోజూ రేవుకొస్తాను. సంచీ మీరు మొయ్యొద్దు." ఫోను అడుగున వేలు పెట్టి చూపించింది. "కింద నా పేరు పెట్టు. అత్తా గిత్తా అని పెట్టకు, వింకా అని పెట్టు."

అక్షరం పొల్లుపోకుండా కొట్టి, పంపే మీట నొక్కాను. ఫోను ఒక్క క్షణం ఆలోచించింది. ఈ నంబరుకి జవాబులు అందవు అని ఎర్రటి అక్షరాలు పడ్డాయి.

"వెళ్ళిందా?" అంది వింకా.

"వెళ్ళింది" అన్నాను, ఫోను బోర్లా పెడుతూ.

"సరే. తొందరేం లేదు, నెమ్మదిగా వస్తుంది" అని కాఫీ కప్పు కడిగి, బోర్లించి, చలిలో ఇంటికి బయల్దేరింది.