పంతొమ్మిది మీద పానం

రాకేశ్ పేర పెట్టిన అన్నాన్ని పిట్ట ముట్టలేదు. విస్తరాకు దొరక్క స్టీలు పళ్లెంలోనే మటన్ కూర, వాడికిష్టమైన కారప్పూస పెట్టి దుబాయిలో వాళ్లుండే సోనాపూర్ లేబర్ క్యాంపు గోడ మీద ఉంచారు. కాకులొచ్చాయి, చూశాయి, పోయాయి. పోయినవాడికి తీరని కోరికుంటే పిట్ట ముట్టదని నిర్మల్ వైపు పల్లెల్లో పసిపిల్లాణ్ణి అడిగినా చెబుతాడు. నిద్రలోనే గుండె ఆగిన కుర్రాడికి ఏం కోరిక మిగిలిందోనని గదిలోవాళ్లు తలలు పట్టుకున్నారు.

కింది మంచం హన్మాండ్లుకు మాత్రం తెలుసు. తెలుసనుకున్నాడు పాపం! మెస్ వెనక, నైఫ్ బజారులో కొన్న బొమ్మ రౌలెట్ చక్రంతో వీరరాఘవరావు శుక్రవారాలు ఆట పెడతాడు. రాకేశ్ ఎప్పుడూ పంతొమ్మిది మీదే కాసేవాడు. వాడు బతికుండగా అది ఒక్కసారీ పడలేదు. ఇప్పుడు హన్మాండ్లు కళ్లు మూస్తే చాలు, ఖాళీగా ఉన్న పై మంచం కిర్రుమంటోంది.

"ఇన్నొద్దులు పడలే రావు సాబ్. ఇగ పడాలె. ఆ నంబరు బాకీ ఉన్నది," అన్నాడు చక్రం ముందు కూర్చుని.

"చక్రానికి జ్ఞాపకం ఉంటుందేంటయ్యా? సున్నాతో కలిపి ముప్పై ఏడు గడులు. ఎప్పుడు తిప్పినా నీకున్నది అందులో ఒక్కటే. పడితే నేనిచ్చేది ముప్పై అయిదింతలే. ఆ తేడాతోనే నేను బతికేది. మానెయ్," అన్నాడు వీరరాఘవరావు. ఆట పెట్టేవాడే వద్దంటే వినొచ్చు కదా!

"నాకోసం గాదు సాబ్. ఆ పోరని పానం కొట్టుకుంటున్నది. ఒక్కసారి పడితే మటన్ తెచ్చి మల్ల పెడ్త. పిట్ట ముడ్తది, ఖలాస్."

వారం వారం ఆడాడు. ఓవర్‌టైం డబ్బు పోయింది, చేతి గడియారం పోయింది. ఊళ్లో భార్య చంద్రవ్వ ఫోన్ చేస్తే, కంపెనీ జీతాలియ్యలేదని బొంకాడు.

చివరికి ఒక శుక్రవారం గోళీ ఎగిరెగిరి పంతొమ్మిదిలో కూర్చుంది. "పడ్డది రా!" అని అందరూ కేక పెట్టారు. హన్మాండ్లు బావురుమన్నాడు. పక్క మంచం వెంకట్రాములు అతని భుజం పట్టి లేపబోయాడు.

"లే అన్నా, యల్లా, పోదాం! మటన్ తెద్దాం. రాకేశ్ ఇగ నిమ్మళంగ పోతడు."

హన్మాండ్లు లేవలేదు. "ఆగు, ఇంకొక్కసారి. పోరడు జోరు మీదున్నడు," అంటూ వచ్చిందంతా మళ్లీ పంతొమ్మిది మీదికే నెట్టాడు.

వీరరాఘవరావు చక్రం మీద చెయ్యి అడ్డం పెట్టాడు. "తిప్పు!" అని హన్మాండ్లు అరిచిన అరుపుకు పక్కవాళ్లు వెనక్కి జరిగారు. చక్రం తిరిగింది. గోళీ నాలుగులో పడింది.

వెంకట్రాములు మెల్లగా అడిగాడు, "రాకేశ్‌కు పడ్డది గదా అన్నా. మల్ల పెట్టింది ఎవలికోసం?"

"వాడు ఎన్నడో పోయిండు రాములూ. పోనిస్తలేనిది నేనే," అన్నాడు హన్మాండ్లు వెక్కుతూ. అంటూనే ఇంకేమైనా మిగిలిందేమోనని జేబులు తడుముకున్నాడు.