అమ్మది కిషన్‌బాగ్, బాపుది జహనుమా

దసరా వస్తోందంటే చాలు... మా చిన్నప్పుడు అమ్మ సంచి సర్దుకుని పుట్టింటికి వెళ్లిపోయేది. పండక్కి కాదు... టాంగాల పందానికి.

మాది జహనుమా. అమ్మ పుట్టింది కిషన్‌బాగ్. దసరా మర్నాడు పొద్దున్నే ఈ రెండు బస్తీలకూ పందెం. బస్తీకో టాంగా, ఒకటే పరుగు. ఫలక్‌నుమా స్టేషన్ వైపు నుంచి బయల్దేరి, బస్సులు రోడ్డెక్కకముందే అయిపోవాలి. గెలిచినవాళ్లకు దక్కేది ఒక బంతిపూల దండ. ఓడినవాళ్లు మాత్రం ఏడాదంతా అవతలి బస్తీలో తలెత్తుకుని నడవలేరు... కూరగాయలకు వెళ్లినా ఎవడో ఒకడు వెనకనుంచి గుర్రంలా సకిలించేవాడు.

నియమం ఒకటే... ఏ బస్తీలో పుడితే ఆ బస్తీ మనిషి. పెళ్లయినా మారదు. అందుకే తొలికాన్పుకు అమ్మను పుట్టింటికి పంపకుండా బాపు జహనుమాలోనే ఉంచుకున్నాడట. అలా నేను ఈ బస్తీ పిల్లనయ్యాను. పందెం రోజుల్లో అమ్మ అటు, మేమిద్దరం ఇటు. మా ఇంట్లో ఇది ఎవరికీ వింతగా ఉండేది కాదు.

కిషన్‌బాగ్ టాంగా తోలేది అమ్మ తమ్ముడు, మా మల్లేశ్ మామ. ఆయన గుర్రం మోతీ. మా టాంగా ఖాదర్ భాయ్‌ది.

నాకు తొమ్మిదేళ్లప్పుడు అమ్మ తన ఎర్రచీర మరిచిపోయి వెళ్లింది. ఎరుపు వాళ్ల బస్తీ రంగు. మాది నీలం. బాపు ఆ చీరను కాసేపు చూసి, పాత పేపర్లో చుట్టి, నన్ను సైకిలెక్కించుకున్నాడు. బస్సు డిపోలో మెకానిక్ ఆయన, మాట తక్కువ. కిషన్‌బాగ్‌లో మామ వాళ్ల గల్లీ మొదట్లో ఆగి, "ఇచ్చి రా బిడ్డా. నేను లోపటికి రాను" అన్నాడు.

అమ్మ ఇంటి ముందు లేదు. పెరట్లోకి వెళ్లాను. మామ మోతీ కాలికి వేడినీళ్లలో ముంచిన గుడ్డ చుడుతున్నాడు. మోతీ ముందరి కుడికాలు నేలకు ఆనించీ ఆనించనట్టు నిలబడింది. మామ నన్ను చూసి చెయ్యి ఆపాడు.

"ఏం చూసినవ్ బిడ్డా?"

"ఏం చూడలే మామా."

చీర వంటింట్లో ఉన్న అమ్మ చేతిలో పెట్టి పరుగెత్తుకొచ్చాను. సగం దూరం వెళ్లాక బాపుతో చెప్పేశాను... మోతీకి కాలు నొస్తోందని. మా వాళ్లు గెలుస్తారని బాపు సంతోషిస్తాడనుకున్నాను. ఆయన సైకిల్ ఆపాడు. కిషన్‌బాగ్ వైపే వెనక్కి తిప్పాడు.

పందెం రోజుల్లో బాపు ఆ గల్లీలో అడుగుపెట్టడం అదే మొదటిసారి. అరుగుల మీద మాటలు ఆగిపోయాయి.

"మల్లేశ్, రేపు గుర్రాన్ని తోలకు. కాలు ఇరుగుతది" అన్నాడు బాపు.

మామ లేచి నిలబడ్డాడు. "పోరిని పంపి చూపిచ్చినవా బావా? మేము ఆపితే మీరు గెలుస్తరనే గదా!"

"గట్ల కాదురా..."

బాపు అమ్మ వైపు చూశాడు. అమ్మ చీర పొట్లం గట్టిగా పట్టుకుని ఉంది. "గీ చీర ఒంకతోని పిల్లను పంపినవా?" అంది.

బాపు నన్ను సైకిలెక్కించుకుని బయల్దేరాడు.

మర్నాడు మామ మోతీనే కట్టాడు. మలుపు దాకా మోతీయే ముందుంది. మలుపులో కాలు తడబడింది. పడలేదు... ఆగిపోయింది. కుడికాలు పైకెత్తి, రోడ్డు మధ్యలో అలా నిలబడిపోయింది. ఖాదర్ భాయ్ పక్కనుంచి దూసుకెళ్లాడు. మావాళ్ల మర్ఫా డప్పుల దరువు మొదలైంది. అవతలివైపు ఎర్రచీరలో అమ్మ పరుగెత్తుకుంటూ వచ్చి గుర్రం పక్కన కూలబడింది.

బాపు దరువు దగ్గరికి వెళ్లలేదు. "క్యా భాయ్, మన బస్తీ గెలిస్తే ముఖం గట్ల పెట్టినవేంది?" అన్నాడు ఖాదర్ భాయ్. బాపు ముందురోజు కిషన్‌బాగ్ వెళ్లాడన్న సంగతి సాయంత్రానికి మా గల్లీకి తెలిసింది. ఆ తర్వాత చాలా రోజులు నల్లా దగ్గర బిందె పెడితే మాతో ఎవరూ మాట్లాడలేదు. అటు నమ్మలేదు, ఇటు క్షమించలేదు.

ఎప్పుడూ మూడోరోజు వచ్చే అమ్మ ఆ సాయంత్రమే వచ్చేసింది. చీర మోకాళ్ల దగ్గర మట్టి. చేతులు కడుక్కుని వంట చేసింది. బాపుకు అన్నం పెడుతూ, "వాడు నీ మాట ఇనలే. నేనన్నా ఇనాల్సుండె" అంది.

"గుర్రం ఎట్లున్నది?"

"నిలబడ్డది."

అంతే. వాళ్లిద్దరూ ఆ విషయం మళ్లీ ఎత్తడం నేను వినలేదు.

మోతీ బతికింది, కానీ కుంటు పోలేదు. మామ దాన్ని మళ్లీ బండికి కట్టలేదు, ఎవరికీ అమ్ముకోలేదు... కొన్నాళ్లకు ఆటో కొన్నాడు. మా ఇంటికి రావడానికి మాత్రం ఏడాది పట్టింది. వచ్చినరోజు బాపు పక్కన కూర్చుని చాయ్ తాగాడు. తర్వాతి దసరాకు అమ్మ మళ్లీ కిషన్‌బాగ్ వెళ్లింది. బాపే బస్సెక్కించి వచ్చాడు.

టాంగాలు ఒక్కొక్కటిగా పోయాయి, పందెం కూడా ఎప్పుడో ఆగిపోయింది. మొన్న ఆ మలుపులో అరగంట ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాను. అటూ ఇటూ వందమంది... ఎవరిది ఏ బస్తీయో ఎవరికీ పట్టలేదు. గొడవ లేదు, నిజమే. కానీ ఓడిపోతే ఏడాదంతా తలదించుకునేంతగా మనదనుకున్నది కూడా ఏదీ మిగల్లేదు.

మీ ఇంట్లోనూ అమ్మ ఒకవైపు, నాన్న ఒకవైపు నిలబడ్డ రోజులుంటే రాయండి... మీరు ఎవరి పక్కన నిలబడ్డారో కూడా.