విరూపాక్షప్ప నోరు

ఎమ్మిగనూరు మగ్గాల వీధిలో విరూపాక్షప్ప నోటికి భయపడనివాళ్లు లేరు. పోగు తెగితే చాలు, భార్య నీలమ్మను తిడతాడు. వెంటనే చెంపలు వేసుకుని, "ఉరుకుంద ఈరన్న సామే నన్ను మార్చల్ల" అంటాడు. మూడేళ్లుగా సోమవారాలు ఒక్కపొద్దులుంటున్నా కష్టాలు పెరిగాయే గానీ నోరు తగ్గలేదు. ఇవాళ వీధిలో సాగదీసి కట్టిన పడుగులోకి పక్కింటి సరోజమ్మ మేక దూకి, నూరు పోగులు తెంపింది. సరోజమ్మ పరుగున వచ్చి మేకను పట్టుకుంది. విరూపాక్షప్ప మెడనరాలు ఉబ్బాయి. నోరు తెరిచాడు, మూశాడు. గిరుక్కున ఇంట్లోకి పోయి ఈరన్న పటం మీద విరుచుకుపడ్డాడు: "ఓపిక ఇయ్యి సామీ అంటే మేకను తోల్తావా?" తిడుతూనే వచ్చి, పోగులు అతకడానికి కూర్చున్నాడు.

"దేవున్ని అట్ల తిడతాండాడేంది వదినా?" అంది సరోజమ్మ, బిత్తరపోయి.

"మూడేండ్లకు మనుషుల్ని తిట్టేది ఇడిసిపెట్టినాడు," అంది నీలమ్మ. "తిట్టనీలే. సామికి ఓపిక శానా."