దానియేలు మాస్టారి పదమూడో ఎక్కం

2023 వేసవి. విజయవాడలో నా క్లినిక్ ఒక పాత మేడ మీద రెండు గదులు. నేను స్పీచ్ థెరపిస్టుని. వీధిలో అందరూ నన్ను నత్తి డాక్టరమ్మ అంటారు. డాక్టర్ని కాననీ, నా దగ్గరికి నత్తి ఉన్నవాళ్ళు వచ్చేది తక్కువేననీ చెప్పి చెప్పి విసుగొచ్చి ఊరుకున్నాను. ఎక్కువమంది పక్షవాతంతో మాట పోయినవాళ్ళే.

దానియేలు మాస్టారు అలా వచ్చినవారే. చల్లపల్లి దగ్గర ఒక హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరై, విజయవాడలో స్థిరపడ్డారు. మెదడులో ఎడమవైపు దెబ్బతినడంతో కుడిచెయ్యి కొంత, మాట దాదాపు మొత్తం పోయాయి. దీన్ని మేం అఫేజియా అంటాం. మనిషికి అన్నీ తెలుస్తుంటాయి. చెప్పాల్సిన మాట మాత్రం నోటికి అందదు. ఆయన భార్య సుగుణమ్మగారు వచ్చిన మొదటిరోజే తన బాధ నా ముందు పెట్టారు.

"ఆదివారం చర్చిలో ప్రార్థన గడగడా చెప్పేస్తారమ్మా. ఇంటికొచ్చాక మంచినీళ్ళు కావాలా అంటే నోరు మెదపరు. నాతో మాట్లాడ్డం ఇష్టం లేదేమో."

మాస్టారు ఆ మాట విని తల పక్కకు తిప్పుకున్నారు. నా మనసు చివుక్కుమంది. ఏళ్ళ తరబడి నోట్లో నానిన ప్రార్థనలు, వారాల పేర్లు, పాటలు వాటంతటవే దొర్లుకొస్తాయి. దాన్ని ఆటోమేటిక్ స్పీచ్ అంటారు. అప్పటికప్పుడు ఆలోచించి అనాల్సిన మాట వేరే దారిన రావాలి, ఈయనకు మూసుకుపోయింది ఆ దారే. ఇదంతా ఆవిడకు వివరించాను. తల ఊపారుగానీ నమ్మలేదు. ఒక జీవితకాలం కాపురం చేసిన మనిషికి నా చదువు ఏం ఊరటనిస్తుంది?

కొన్నాళ్ళకు మాస్టారి పాత విద్యార్థులు కొందరు క్లినిక్‌కు వచ్చారు. వాళ్ళకు పెద్ద శ్రీనివాసరావుగారు, వన్ టౌన్‌లో బియ్యం వ్యాపారం. తొంభైలలో టెన్త్ చదివిన బ్యాచ్ అంతా మే నెలలో స్కూల్లో కలుస్తున్నారట. మాస్టారు రాకపోతే ఆ కలయికకు అర్థమే లేదన్నారు. మాస్టారేమో కబురు చెప్పగానే ఎడమచేత్తో వద్దని ఊపి, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నారట. గదంతా దద్దరిల్లేలా పాఠం చెప్పిన మనిషి, ఆ పిల్లల ముందే మూగగా నిలబడాలంటే ఎలా ఉంటుందో ఊహించడానికి థెరపిస్టు అక్కర్లేదు.

క్లాసులో ఆయన రోజూ అనే మాటలు చెప్పండి, వాటితో ప్రయత్నిస్తానన్నాను. అడిగిందే తడవు, ఐదు పదులకు దగ్గరపడ్డ ఆ పెద్దమనుషులు నా బల్ల చుట్టూ చేరి పోట్లాట మొదలుపెట్టారు. ముందు మాస్టారి తిట్లన్నీ బయటికొచ్చాయి. ఎవర్ని ఎక్కువ తిట్టారన్నది పెద్ద గొడవ. నన్నంటే నన్నని పంతం పట్టారు. కాలవ గట్టు బురదలో చెప్పులు చేత పట్టుకుని వచ్చిన రోజులూ, తుఫానుకు రేకులు లేచిపోతే చర్చి హాల్లో కూర్చుని పరీక్షలకు చదివిన సంగతీ, అన్నీ తవ్వుకున్నారు. నా మధ్యాహ్నం అపాయింట్‌మెంట్లు గంగలో కలిశాయి. కోపం వచ్చిందిగానీ, వాళ్ళను పొమ్మనాలనిపించలేదు.

చివరికి శ్రీనివాసరావుగారికి అసలు విషయం గుర్తొచ్చింది. రోజూ మొదటి పీరియడ్‌కు మాస్టారు తలుపు దగ్గర నిలబడేవారు. ఎక్కంలో సగం ఆయన అనాలి, మిగతా సగం చెప్పినవాళ్ళే లోపలికి వెళ్ళాలి. తప్పు చెబితే వరస చివరికి.

నాకు ప్రాణం లేచొచ్చింది. మర్నాడు మాస్టారితో కూర్చుని పదమూడో ఎక్కం మొదలుపెట్టాను. "పదమూడు ఒకట్ల" అన్నది ఆయన నోట ఆ రోజే వచ్చింది. తన గొంతు విని తనే ఉలిక్కిపడ్డారు. అక్కడ కూడా మీరు సగమే చెప్పాలి, మిగతాది వాళ్ళ పని అన్నాను. ఆయన తువ్వాలు భుజాన వేసుకున్నారు. వస్తానన్నట్టే లెక్క.

వాళ్ళు కలుసుకునే శనివారం నేనూ స్కూలుకు వెళ్ళాను. ఆడవాళ్ళంతా ఒకే రంగు చీరలు, మగవాళ్ళంతా ఒకే రంగు చొక్కాలు. పదో తరగతి గది గుమ్మం దగ్గర మాస్టారికి కుర్చీ వేశారు. ఎదురుగా బట్టతలలూ బొజ్జలూ వరస కట్టాయి. ఎవరూ చెప్పకుండానే ఆడపిల్లలు ఒకపక్క, మగపిల్లలు ఒకపక్క నిలబడ్డారు. సుగుణమ్మగారు నా చెయ్యి వదల్లేదు.

"పదమూడు ఒకట్ల" అన్నారు మాస్టారు. పదమూడని చెప్పి శ్రీనివాసరావుగారు లోపలికి వెళ్ళారు. ఒక్కొక్కరే వెళ్తున్నారు. ఆరో మనిషి రత్నకుమారిగారు, విజయవాడలో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతారు. ఒళ్ళో చచ్చుబడి ఉన్న మాస్టారి కుడిచెయ్యి చూసి ఆవిడ కళ్ళు నిండిపోయాయి.

"పదమూడు ఆర్ల."

"ఎనభై రెండు సార్" అన్నారావిడ.

మాస్టారి మొహం ఎర్రబడింది. పెదవులు కదిలాయి, ఆగాయి, మళ్ళీ కదిలాయి.

"కాదు" అన్నారు. "డెబ్బై ఎనిమిది. వెనక్కి."

లెక్కల లెక్చరర్‌గారు ఏడుస్తూ నవ్వుతూ వరస చివరికి నడిచారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. ఎక్కంలో 'కాదు' అనే మాట లేదు. అది కంఠస్థం నుంచి దొర్లింది కాదు. ఎదుటి మనిషి మాట విని, తప్పని తేల్చి, ఆయన సొంతంగా అన్న మాట. ఇన్నాళ్ళూ నేను అడిగిన ఏ ప్రశ్నకూ రాని మాట. సుగుణమ్మగారికి ఆ సంగతి చెప్పాను. ఈసారి తల ఊపలేదు, ఆలోచనలో పడ్డారు.

తిరుగు ప్రయాణంలో ఉయ్యూరు దాటాక ఆవిడ మెల్లగా అన్నారు. "మన పెళ్ళి గుడివాడలో కదండీ అయింది."

మాస్టారు ఆవిడ వైపు తిరిగారు. చాలాసేపు పెదవులు తడుముకున్నాయి. "కాదు. బందరు."

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిటికీ వైపు తిరిగారు. ఆ తర్వాత కంకిపాడు వచ్చేదాకా ఒకటే అబద్ధాలు. కొన్నిటికి జవాబొచ్చింది, కొన్నిటికి రాలేదు. దేనికీ మాస్టారు తల మాత్రం తిప్పుకోలేదు.

ఆ రోజు నుంచి నా పద్ధతి కొంత మారింది. మాట పోయినవాళ్ళకు సులువైన ప్రశ్నలే వేసి, రాకపోతే జవాబు మనమే అందించడం మా అలవాటు. ఇప్పుడు ఇంట్లోవాళ్ళతో, రోగికి బాగా తెలిసిన విషయం ఒకటి తప్పుగా చెప్పి కాసేపు ఓపిక పట్టండి అంటాను. అందరికీ పనిచేయదు. పనిచేసినచోట మాత్రం మనిషి మళ్ళీ పెద్దరికంలోకి వస్తాడు.

స్కూలుకు వెళ్ళొచ్చిన వారానికి సుగుణమ్మగారు ఫోన్ చేశారు. ఎలా ఉన్నారని అడిగాను.

"ఏం చెప్పమంటావమ్మా, పొద్దున్నుంచీ నేనేమన్నా కాదంటున్నారు" అన్నారు. ఆవిడ అంత సంతోషంగా మాట్లాడగా నేను వినడం అదే మొదటిసారి.